తాడు పట్టుకున్నవాడి పేరు

నాకు అర్జీలు రాయడం వచ్చు. గొప్పలు పోవడానికి చెప్పడం లేదు, తప్పు ఒప్పుకోవడానికి చెబుతున్నాను. ముప్పై మూడేళ్ళు ఒక ప్రభుత్వ కార్యాలయంలో పనిచేసి సూపరింటెండెంటుగా రిటైరయ్యాను. ఎంతమంది అధికారులు మారినా నా డ్రాఫ్టులో కామా కూడా మార్చేవారు కాదు. ఉద్యోగం అయిపోయాక చెయ్యి ఊరుకోలేదు. చిక్కడపల్లిలో మా సందు చివర దీపం వెలక్కపోతే అర్జీ, మ్యాన్‌హోల్ మూత పగిలితే అర్జీ, పక్క అపార్ట్‌మెంటువాళ్ళు మా గోడ మీదికి పైపు తిప్పితే అర్జీ. నువ్వు స్వర్గానికి వెళ్ళినా కుర్చీ కుంటిదని ఇంద్రుడికి అర్జీ పెడతావని మా ఆయన ఆటపట్టించేవారు. నేను నవ్వేదాన్ని కాదు. నా అర్జీల్లో సగానికి పైగా పనులయ్యాయి మరి.

మాకు పాలు పోసే ఆవిడకు అశోక్‌నగర్‌లో ఎనిమిది గేదెలుండేవి. ఆవిడ వాటిని బర్రెలనేది. కోచింగ్ సెంటర్ల వెనక, ఒక పాత స్థలంలో, రేకుల కింద కొట్టం. స్థలం కిరాయిది. భర్త పోయి చాలా కాలమైంది, పిల్లలు లేరు. ఉద్యోగాల పరీక్షలకు చదువుకునే కుర్రాళ్ళు ఆ సందులో ముక్కు మూసుకుని నడిచేవాళ్ళు. సందు చివరికి వచ్చాక ఆ పాలతో కాచిన టీ తాగుతూ గంటసేపు రాజ్యాంగం గురించి వాదించుకునేవాళ్ళు. ఆవిడ పాలు ఎక్కువగా హాస్టళ్ళకీ టీ బండ్లకీ పోయేవి. ప్యాకెట్ పాలు గిట్టని మాలాంటి పాతకాపులం ఓ పది ఇళ్ళవాళ్ళం ఉండేవాళ్ళం, అంతే.

రెండు వేల ఇరవై వేసవికి ముందు లాక్‌డౌన్ వచ్చింది. రెండు రోజుల్లో హాస్టళ్ళు ఖాళీ. టీ బండ్లకు పట్టాలు కప్పేశారు. నారాయణగూడ చౌరస్తాలో పోలీసులూ బారికేడ్లూ తప్ప మనిషి లేడు. హాస్టల్‌కు తాళం వేసినట్టు గేదె పొదుగుకు తాళం వెయ్యలేం కదా. రెండు పూటలా పితకాలి, లేకపోతే పొదుగు గట్టిపడి జ్వరం వస్తుంది. ఆవిడ పితికేది, అమ్ముడుపోని పాలు తోడుపెట్టేది, చిలికేది, నెయ్యి కాచేది. ఆ నెయ్యీ ఎవరు కొంటారు? బారికేడ్ల దగ్గర పోలీసులకు మజ్జిగ పోసింది. కొన్నాళ్ళకు వీధికుక్కలకు పాలు పోస్తూ కనిపించింది. మా గుమ్మం ముందు దూరంగా నిలబడి, చీర కొంగు మూతికి కట్టుకుని, అర లీటరు అడిగితే లీటరున్నర పోసి వెళ్ళిపోయేది. వద్దంటే వినేది కాదు.

పాలు పోకపోవడం ఒక బాధ, మేత రాకపోవడం ఇంకో బాధ. పచ్చగడ్డి లారీలు ఆగిపోయాయి. దాణా, పల్లీ చెక్క ధరలు చుక్కల్లో ఉన్నాయి. ఒకరోజు ఆవిడ మా మెట్ల మీద కూలబడి, ఇట్లాగే ఉంటే బేరగాళ్ళొస్తారమ్మా అంది. ఆ రోజుల్లో పాడిగేదెను పాడి కోసం కొనేవాడు లేడు. బేరగాడు తీసుకెళ్ళాడంటే అది కోతకే. అది మా ఇద్దరికీ తెలుసు.

అలాంటప్పుడు పశువులవాళ్ళకు కరోనా సాయం ప్రకటించారు. పశువుకు ఇంత చొప్పున డబ్బు నేరుగా బ్యాంకు ఖాతాలో వేస్తారు. పేపర్లో చదివి నేనే ఆవిడకు కబురు పెట్టాను. ఆ డబ్బు చేతికొస్తే హాస్టళ్ళు తెరిచేదాకా మేతకు సరిపోతుంది. షరతు చిన్నదే: పశువు చెవికి ప్రభుత్వం వేసిన పసుపు బిళ్ళ ఉండాలి, ఆ బిళ్ళ మీది నంబరు దరఖాస్తుదారు పేరున నమోదై ఉండాలి. ఇంతేనా, సాయంత్రానికి అప్లికేషన్ పెట్టేద్దాం అన్నాను.

మా వీధిలోని ఆన్‌లైన్ షాపు సగం షట్టరు తెరిచిన రోజున ఇద్దరం వెళ్ళాం. షాపతను ఒక్కో నంబరూ కొట్టి చూశాడు. ఎనిమిది గేదెల్లో ఒక్కటి కూడా ఆవిడ పేరున లేదు.

అదెలాగో చెప్పాలి. పట్నంలో గేదెల్ని పెంచేవాళ్ళకు ఒక పద్ధతి ఉంది. పాలిచ్చినన్నాళ్ళూ గేదె పట్నంలో ఉంటుంది. వట్టిపోయాక ఇక్కడి కిరాయికీ దాణాకూ దాన్ని మేపలేరు, అందుకని ఊళ్ళో ఉన్న సొంతవాళ్ళకు అప్పగిస్తారు. వాళ్ళు మేపి, చూలు కట్టించి, ఈనాక గేదెను తిరిగి పట్నం పంపిస్తారు. దూడ అక్కడే ఉండిపోతుంది, మేపినవాళ్ళ కూలి అదే. కాగితం ఉండదు, సంతకం ఉండదు. ఈవిడ గేదెలు భువనగిరి దాటాక ఉన్న ఒక ఊళ్ళో, మరిది దగ్గరికి వెళ్ళి వస్తుండేవి. బిళ్ళలు వేసేవాళ్ళు ఆ ఊరికి వచ్చిన రోజుల్లో తాడు ఎవరి చేతిలో ఉంటే వాళ్ళ పేరు రాసుకున్నారు. అలా అయిదు గేదెలు మరిదివయ్యాయి. రెండు సంతలో కొన్నవి, వాటి చెవుల్లో పాత ఆసాముల బిళ్ళలే ఉన్నాయి. మిగిలిన ఒక్కదానికి బిళ్ళే లేదు. సిటీలో గేదెలుంటాయని బిళ్ళలవాళ్ళకు ఎవరు చెప్పారు?

నాకు ఒళ్ళు మండింది. ఆవిడకు మండలేదు, అది చూసి నాకు ఇంకా మండింది. మరిది అప్పటికే తన సొంత గేదెలు రెండూ, ఈవిడవి అయిదూ కలిపి ఊళ్ళో దరఖాస్తు పెట్టేశాడట. ఫోన్ చేసి చెప్పాడట కూడా. అతని పేరున డబ్బు పడితే నీ చేతికెలా వస్తుందని నిలదీశాను.

"వస్తే ఇస్తడమ్మా. మా దాంట్ల గట్లనే నడుస్తది," అంది.

ఇస్తాడట! ముప్పై మూడేళ్ళలో అన్నదమ్ములు, తోడికోడళ్ళు, తండ్రీకొడుకులు నా టేబుల్ ముందు నిలబడి ఎలా కొట్టుకున్నారో నేను చూశాను. కాగితం లేని చోట ఆడదానికి మిగిలేది ఏమిటో నాకు తెలుసనుకున్నాను. ఆవిడకు గంటసేపు క్లాసు పీకాను. నీ కష్టం, నీ గేదెలు, నీ హక్కు, వేరేవాడి దయతో ఎందుకు తీసుకోవాలి అన్నాను. ఆవిడ పమిట చెంగు వేళ్ళకు చుట్టుకుంటూ విన్నది. ఇన్నేళ్ళుగా నన్ను చూసి పెద్ద ఆఫీసరమ్మ అనుకునే మనిషి, నా మాటకు ఎదురు చెప్పే అలవాటు లేదు.

ఆ రాత్రే కూర్చుని రాశాను. "విషయం: పశువుల యాజమాన్య హక్కు నమోదు కోరుతూ" అని మొదలుపెట్టి మూడు పేజీలు. అయిదు బిళ్ళల నంబర్లూ ఎర్ర గీత గీసి రాశాను. ఇవి ఫలానా వ్యక్తి పేరున పొరపాటుగా నమోదయ్యాయి, అసలు యజమానురాలు దరఖాస్తుదారు, సాయం ఆమెకే చెల్లించవలెనని ప్రార్థన. రాసుకుని నేనే రెండుసార్లు చదువుకుని మురిసిపోయాను. పొద్దున ఆవిడ వచ్చి సంతకం పెట్టే ముందు ఒక్కటే అడిగింది.

"మా మరిదికేం కాదు గదా?"

"ఏం కాదు. అతనిది అతనికొస్తుంది, నీది నీకొస్తుంది," అన్నాను.

ఆటోలు కొంచెం తిరగడం మొదలైంది. మాస్కులు కట్టుకుని బషీర్‌బాగ్ వైపు ఒక పాత భవనంలో ఉన్న పశువుల ఆఫీసుకు ఇద్దరం వెళ్ళాం, అర్జీ ఇచ్చాను. రసీదు అడిగి మరీ తీసుకున్నాను. తిరిగి వస్తూ ఆటోలో ఆవిడకు ధైర్యం చెప్పాను, ఇంక నువ్వు నిశ్చింతగా ఉండు అని.

నెల తిరక్కుండా మా అర్జీ ఆ ఊరికి చేరింది. ప్రభుత్వ కాగితం అంత వేగంగా నడవడం నేను నా సర్వీసులో చూడలేదు. విచారణకు వచ్చినవాళ్ళు మరిదిని నలుగురిలో నిలబెట్టి ఈ అయిదూ ఎవరివి అని అడిగారు. ఆ మనిషి అబద్ధం ఆడలేదు. మా వదినెవి అన్నాడు. నీవి కాని గేదెల మీద నువ్వెట్లా పెట్టావ్, సర్కారు సొమ్ము తిందామనుకున్నావా అని కేకలేశారట. ఏడింటినీ కలిపి వివాదం అని రాసి పక్కన పడేశారు. అతని సొంత గేదెలు రెండూ అందులోనే పోయాయి.

ఇటు ఈవిడకేమైనా వచ్చిందా అంటే, లేదు. బిళ్ళ పేరు మార్చాలంటే గేదె ఎక్కడుందో అక్కడి డాక్టరు చూడాలి. ఇక్కడి డాక్టరు, ఆ ఊరి పశువుల ఆసుపత్రివాళ్ళు ముందు తమ లెక్కలోంచి వదిలిపెట్టాలి అన్నాడు. ఆ ఆసుపత్రివాళ్ళు, వివాదంలో ఉన్నది వదలం అన్నారు. ఇంకో బల్ల దగ్గర అడిగితే, కొట్టానికి కిరాయి కాగితం తెమ్మన్నారు. స్థలం ఆసామి, కాగితం ఇస్తే రేపు మున్సిపాలిటీ నా మీద పడుతుందమ్మా, ఇష్టముంటే ఉండమనండి లేకపోతే లేదు అన్నాడు. మరో బల్ల దగ్గరాయన, ఇది పల్లెల్లోని రైతులకు గదా మేడమ్, సిటీలో రైతులెక్కడుంటారు అని నవ్వాడు. ఆ బల్లకు ఈవల నిలబడడం ఎలా ఉంటుందో అరవై దాటాక నాకు తెలిసింది. చెప్పులరిగేలా తిరిగాను. అరిచాను. నా పాత హోదా చెప్పుకున్నాను. అక్కడి గుమాస్తా కుర్రాడు కుర్చీ చూపించి నీళ్ళిచ్చాడు, పని మాత్రం చెయ్యలేదు.

వీళ్ళందరినీ తిట్టుకోవడం తేలిక. తిట్టుకున్నాను కూడా, ఇప్పటికీ తిట్టుకుంటాను. పశువును చూడకుండా బిళ్ళను చూసేవాళ్ళనీ, పాలు తాగుతూనే సిటీలో రైతులెక్కడ అనేవాళ్ళనీ ఏమనాలి? కానీ ఒక ఆదివారం ఆవిడ మామూలుగా, ఎవరినీ నిందించకుండా ఒక సంగతి చెప్పింది. అది విన్నాక నా కోపం దారి తప్పి నా దగ్గరికే వచ్చింది. లాక్‌డౌన్ మొదట్లోనే మరిది, మరీ కష్టమైతే ఎనిమిదింటినీ ఊరికి తోలుకొచ్చెయ్, వరిగడ్డి ఉంది, కాలం బాగయ్యాక తీసుకుపోదువు అన్నాడట. డబ్బు వచ్చినా రాకపోయినా ఆ దారి ఒకటి తెరిచి ఉంది. ఇప్పుడు ఫోన్ చేస్తే ఎత్తడం లేదట. చివరిసారి మాట్లాడినప్పుడు, నా మీద సర్కారుకు కాగితం రాయించినవా వదినె అని ఫోన్ పెట్టేశాడట. తిట్టి ఉంటే బాగుండేదమ్మా, తిట్టలేదు అంది.

నేనే వెళ్ళి మాట్లాడతాను, అది నేను రాసిన కాగితమని చెబుతాను అన్నాను. బస్సులు సరిగా లేవు. కారు మాట్లాడుకుని ఒకరోజు ఆవిడతో కలిసి వెళ్ళాను కూడా. అతను ఇంట్లోనే ఉన్నాడు. మమ్మల్ని అరుగు మీద కూర్చోబెట్టి, మంచినీళ్ళు ఇప్పించి, పొలం దగ్గర పనుందని వెళ్ళిపోయాడు. సాయంత్రం దాకా రాలేదు. తిరుగుదారిలో ఆవిడ నాతో మామూలుగానే మాట్లాడుతూ ఉంది.

చలికాలం వచ్చినా హాస్టళ్ళు తెరవలేదు. మొదట రెండు గేదెలు బేరగాడికి పోయాయి, తర్వాత మూడు. కడపటి మూడింటినీ వ్యాను ఎక్కించిన పొద్దున నేను అక్కడున్నాను. ఎందుకు వెళ్ళానో తెలీదు, వెళ్ళకుండా ఉండలేకపోయాను. బేరగాడి మనుషులు తాళ్ళు పట్టి లాగుతున్నారు, తోకలు మెలిపెడుతున్నారు, గేదెలు పలక మీద కాలు పెట్టడం లేదు. కర్ర తీసేసరికి ఆవిడ అడ్డం వెళ్ళింది.

"కొట్టకుండ్రి. నేను ఎక్కిస్తే ఎక్కుతయి," అంది.

ఆవిడే ముందు ఎక్కి, రోజూ పాలు పితికేటప్పుడు అనే మాటలే ఏవో అంటూ గంగడోలు నిమిరింది. ఒకదాని వెనక ఒకటి మూడూ ఎక్కాయి. ఆవిడ వ్యాను దిగి, చేతులు చీరకు తుడుచుకుని, కొట్టంలోకి వెళ్ళి పేడ ఎత్తడం మొదలుపెట్టింది. ఇంక అక్కడ ఎత్తాల్సిన అవసరం లేదని చెప్పేవాళ్ళు లేరు. నేను గోడ పక్కన నిలబడి ఏడ్చాను. ఆ మర్నాటి నుంచి మా ఇంట్లో ప్యాకెట్ పాలు.

పిల్లలు తిరిగి వచ్చారు, హాస్టళ్ళు తెరిచారు. ఆవిడ అదే సందులో ఒక ఆడపిల్లల హాస్టల్లో వంటకు కుదిరింది. దారిలో కనబడితే ఆవిడే ముందు పలకరించేది. నేను ఎదురుపడకుండా రెండు మూడుసార్లు సందు మార్చుకుని వెళ్ళిన మాట నిజం.

ఇంకో ఏడాది గడిచాక ఆవిడే మా ఇంటికి వచ్చింది. మరిది ఎవరితోనో కబురు పంపాడట. గడ్డి విత్తనాలకు వెళ్ళినా, గేదెల ఇన్సూరెన్సుకు వెళ్ళినా, నీ పేరు మీద వివాదం ఉంది పో అంటున్నారట. ఆ గేదెలు నావి కావని వదినె రాసిస్తే తీసేస్తామన్నారట. ఆవిడ కింద కూర్చోకుండా తలుపు దగ్గరే నిలబడి, గా ముక్క నువ్వే రాయాలమ్మా అంది.

ఈసారి అర పేజీ కూడా పట్టలేదు. అవే అయిదు నంబర్లు. "పై తెలిపిన పశువులతో నాకు ఎట్టి సంబంధమూ లేదనియు, అవి నా మరిదివేననియు, గతంలో నేనిచ్చిన అర్జీ పొరపాటనియు" అని రాశాను. ఆవిడకు చదివి వినిపించడం నా ధర్మం కాబట్టి వినిపించాను. ఆవిడ కళ్ళజోడు లేకుండా కాగితాన్ని దూరంగా పట్టుకుని, ఒక్కో అక్షరమే కూడబలుక్కుంటూ సంతకం పెట్టింది.

"మంచిగ రాసినవమ్మా. అప్పుడు గూడ మంచిగనే రాసినవ్," అంది.

ఎత్తిపొడుపు తెలిసిన మనిషి కాదు. నిజంగానే అంది. అందుకే నేను తల ఎత్తలేకపోయాను.

మర్నాడు ఇద్దరం మళ్ళీ బషీర్‌బాగ్ వెళ్ళాం. ఆ బల్ల దగ్గర కొత్త ఉద్యోగి. పాత ఫైలు వెతికించి తీశాడు. నా మూడు పేజీల అర్జీ మీద ఈ మూల నుంచి ఆ మూలకు ఎర్ర ఇంకుతో గీత కొట్టి, రద్దు అని రాశాడు. కొత్త కాగితం మీద ముద్ర వేసి, చిల్లు పొడిచి, ఫైల్లో దారం కట్టాడు. అంతా అయ్యాక, అయితే వివాదం తీసేసినట్టేనా అని అడిగాను. ఆ పథకం మూసేశారు మేడమ్, లాగిన్ కూడా లేదు, అందులో ఏదీ తియ్యడానికీ పెట్టడానికీ రాదు అన్నాడు. మరి అతని పేరు మీద ఉన్నది? అది అట్లాగే ఉంటుంది, పైవాళ్ళు ఏమైనా ఆర్డరిస్తే చూడాలి అన్నాడు. మర్యాదగానే చెప్పాడు. నేను కూడా అలాగే మర్యాదగా చెప్పేదాన్ని.

ఆవిడ బయట మెట్ల మీద కూర్చుని ఉంది. జరిగింది ఉన్నదున్నట్టు చెప్పాను. దాచే ఓపిక లేదు, దాచే హక్కూ లేదు. పని కాలేదు కాబట్టి కోప్పడుతుందేమో అనుకున్నాను, కోప్పడాలనే కోరుకున్నాను.

"అయితే గా కాయిదం వాపస్ తీస్కరా అమ్మా. పని కాకపాయె. నావి కావని రాసింది ఊకెనే ఆడ ఎందుకు ఉండాలె?"

మళ్ళీ లోపలికి వెళ్ళాను. ఆ కాగితం వెనక్కి ఇచ్చెయ్యమని అడిగాను. రాసింది నేనేనని, ఇప్పుడు దానితో మీకు పని లేదని, కావాలంటే ఇంకో అర్జీ రాసిస్తానని బతిమాలాను. అతను నా వంక జాలిగా చూసి, ఒకసారి ఫైల్లో చేరిన కాగితం వాపసు ఇవ్వం మేడమ్, మీకు తెలియనిదేముంది అన్నాడు. తెలుసు. ఆ మాట నా బల్ల ముందు ఎంతమందికి చెప్పి పంపించానో లెక్కలేదు. బయటికి వచ్చి, ఇవ్వరట అన్నాను.